రిపోర్టులన్నీ నార్మలేనట!

మా పాపకి ప్రతి నెలా తిరిగేసరికి మళ్ళీ జ్వరం. 103 దాటుతుంది, నోట్లో పుండ్లు, మెడకింద బిళ్ళలు. నాలుగైదు రోజులకి దానంతటదే పోతుంది. ఆ పోయాకే మాకు టెస్టులు! తగ్గిన జ్వరానికి సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) చేస్తే నార్మల్ రాక ఏమొస్తుంది? ఉన్నప్పుడు రక్తం తీయండి మొర్రో అంటే వినే నాథుడే లేడు. ఓసారి వైడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్ష కొంచెం ఎక్కువ చూపించిందని టైఫాయిడ్ అనేశారు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేసిన టీకాకీ కూడా ఆ టెస్టు అలా చూపించొచ్చు, రక్తంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ చేయందే తేలదు. అయినా యాంటీబయాటిక్ కోర్సు మింగించారు. ఇప్పుడు ల్యాబ్‌లో పాపే చెబుతోంది, "ఈసారి ఎడమ చెయ్యి అంకుల్, కుడిది నొప్పి" అని.

ఇక సలహాలు! దిష్టి తీయమని ఒకరు, వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఇంకొకరు. పక్కింటక్క అయితే, "కొండకి మొక్కుకోలేదా?" అంటుంది. అక్కా, తిరుపతిలో ఉంటూ ఆ పని ఇంకా చేయకుండా ఉంటానా! అన్నిటికన్నా ఒళ్ళు మండేది, "తల్లి టెన్షనే పిల్లకి పాకుతోంది" అన్నప్పుడు. థర్మామీటర్‌కి కూడా నా టెన్షనే పాకిందా?