బర్క్‌లీకి లాస్ ఏంజెలెస్ కట్టే భరణం

విడాకులయ్యాక భర్త భార్యకు భరణం కట్టడం మామూలే. ఒకే ప్రభుత్వ వ్యవస్థలోని రెండు యూనివర్సిటీ క్యాంపస్‌ల మధ్య భరణం ఎక్కడైనా విన్నామా? 2024 మేలో కాలిఫోర్నియా యూనివర్సిటీ పాలకమండలి సరిగ్గా ఇలాంటి తీర్మానమే చేసింది. లాస్ ఏంజెలెస్ క్యాంపస్, అంటే యూసీఎల్‌ఏ, బర్క్‌లీ క్యాంపస్‌కు ఏటా కోటి డాలర్ల చొప్పున మూడేళ్లు ఇవ్వాలి. అమెరికా పత్రికలు దీనికి 'క్యాలిమనీ' అని ముద్దుపేరు పెట్టాయి: బర్క్‌లీ ముద్దుపేరు 'క్యాల్', భరణానికి ఇంగ్లిష్ మాట 'అలిమనీ', రెండూ కలిపి.

గొడవంతా అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ హక్కులది. అక్కడి కాలేజీ జట్లు కాన్ఫరెన్స్ అనే కూటములుగా ఏర్పడి, ప్రసార హక్కులు కలిసి అమ్ముకుని, వచ్చినదాన్ని పంచుకుంటాయి. పశ్చిమ తీరంలో 1915 నాటి మూలాలున్న కూటమి పాక్-12. దాన్ని వదిలి బిగ్ టెన్ అనే మరో కూటమిలోకి వెళ్తున్నామని 2022 జూన్‌లో యూసీఎల్‌ఏ, అదే ఊళ్లోని ప్రైవేటు యూనివర్సిటీ యూఎస్‌సీ ప్రకటించాయి. మరో రెండు నెలలకే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో బిగ్ టెన్ ఏడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. మన ఐపీఎల్ ఐదేళ్ల హక్కులు 48,390 కోట్ల రూపాయలకు, అంటే దాదాపు 620 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయి. కాలేజీ పిల్లల ఆటల ధర ఇంచుమించు ఆ స్థాయిలో ఉందన్నమాట!

రెండు పెద్ద జట్లు పోయేసరికి పాక్-12కు మంచి టీవీ ఒప్పందం దొరకలేదు. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు యూనివర్సిటీలు జారుకున్నాయి. వాటిలో ఆరెగన్, వాషింగ్టన్‌లను బిగ్ టెన్ తీసుకుంది, కానీ సుమారు సగం వాటాకే. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ చివరికి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. మొదటి ఏడేళ్లు వాటికి దక్కేది 30 శాతం వాటా. యూసీఎల్‌ఏ భరణం బర్క్‌లీకి పడిన ఈ దెబ్బకే. వాటితోపాటే చేరిన డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ అనే యూనివర్సిటీ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బే వద్దని ఒప్పుకుంది. ముందు వెళ్లినవాడికి విస్తరి, ఆలస్యమైనవాడికి అడుగంటిన గిన్నె.

పోనీ, ముందు వెళ్లినవాళ్లు బాగుపడ్డారా? కూటమి మారే ముందు ఏడాది, 2023-24లో, యూసీఎల్‌ఏ క్రీడా విభాగం లోటు 5.18 కోట్ల డాలర్లు. ఆరేళ్ల లోటు కలిపితే దాదాపు 22 కోట్లు. ఆ గండి బిగ్ టెన్ డబ్బుతో పూడుతుందని ఆశ. ఈలోగా, తమకూ డబ్బు రావాలంటూ కాలేజీ క్రీడాకారులు వేసిన హౌస్ కేసులో కుదిరిన సెటిల్మెంట్‌కు 2025 జూన్‌లో కోర్టు ఆమోదం వచ్చింది. దాని ప్రకారం మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులకు నేరుగా 2.05 కోట్ల డాలర్ల దాకా చెల్లించవచ్చు. పోటీలో నిలవాలంటే ఆ గరిష్ఠం దాకా పోక తప్పదు. ఆటగాళ్లకు డబ్బు రావడం న్యాయమే, ఎప్పుడో రావాల్సింది. కానీ లోటు పూడ్చడానికని లెక్కేసుకున్న సొమ్ముకు ఇంకో ఖర్చు ముందే సిద్ధమైంది. పైగా బిగ్ టెన్‌లోనే ఉన్న న్యూజెర్సీ యూనివర్సిటీ రట్గర్స్‌తో ఆడటానికి వాలీబాల్ జట్టు కూడా దేశం ఆ చివరికి విమానమెక్కాలి.

కూటమి మారితే లోటు పోదు, చేతులు మారుతుందంతే. పక్క చేను గట్టు తవ్వి మన గండి పూడ్చుకున్నట్టు. ఎక్కడా పూడకపోతే ఆ బరువు యూనివర్సిటీ సాధారణ నిధుల మీద, విద్యార్థుల ఫీజుల మీద పడుతుంది. మ్యాచ్ ముఖం చూడకపోయినా అథ్లెటిక్స్ ఫీజు కట్టే విద్యార్థులు అమెరికాలో చాలామందే. అందులో మన ఊళ్ల నుంచి బ్యాంకు లోన్‌తో వెళ్లినవాళ్లూ ఉంటారు.

పాక్-12లో చివరికి మిగిలినవి రెండే: ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అవి కోర్టుకెక్కి కూటమి పగ్గాలు, నిధి దక్కించుకున్నాయి. ఆ బలంతో 2024 సెప్టెంబర్‌లో మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కూటమి నుంచి బాయిసీ స్టేట్ సహా ఐదు యూనివర్సిటీలను లాక్కున్నాయి. ముందు చేసుకున్న ఒప్పందం ప్రకారం జరిమానాగా 5.5 కోట్ల డాలర్లు కట్టమని మౌంటెన్ వెస్ట్ అడిగితే, ఆ నిబంధనే చెల్లదంటూ పాక్-12 మళ్లీ కోర్టుకెళ్లింది.