చెట్టుతో మాకేం పని? గిన్నె పేరు చెప్పండి

కోన్ (పైన్ లాంటి చెట్ల పొలుసుల కాయ) మీద మొలిచిన శిలీంధ్రం, మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు గిన్నె. పైనుంచి తీసిన ఒకే ఒక్క ఫోటో, అదీ కాస్త అలుక్కుపోయింది. ఇంత సమగ్రమైన సాక్ష్యం చేతికిచ్చాక కూడా పేరు చెప్పలేని శిలీంధ్రశాస్త్రం ఉంటే ఎంత, ఊడితే ఎంత?

పైగా నిపుణుల ఎదురు ప్రశ్న: "అది ఏ చెట్టు కోన్?" మనం అడిగింది శిలీంధ్రం గురించి, వాళ్లు తవ్వేది చెట్టు పుట్టుపూర్వోత్తరాలు! స్ప్రూస్ కోన్‌కి పల్చటి పొలుసులట, రాలితే మొత్తంగా రాలుతుందట. పైన్ పొలుసు కొన మందంగా ఉబ్బి ఉంటుందట. డగ్లస్ ఫర్ అయితే పొలుసుల సందుల్లోంచి మూడు మొనల నాలుకలు బయటికి చాస్తుందట. అసలు ఫర్ మరీ మొండిఘటం: కోన్ చెట్టు మీదే విడిపోయి, పొలుసులు ఒక్కొక్కటిగా రాలతాయి. కాబట్టి నేల మీద నిండు కోన్ దొరికిందంటే, ఉడత కొరికి పడేస్తే తప్ప అది ఫర్ కాదన్నమాటే.

ఈ చాదస్తమంతా దేనికంటే, వసంతంలో ఫర్ విడి పొలుసు మీద కాడతో నిలబడ్డ గోధుమ గిన్నె కనిపిస్తే సిబోరియా రుఫోఫస్కా అనే శిలీంధ్రాన్ని అనుమానించడానికి. మంచు కరిగే రోజుల్లో తడిసిన స్ప్రూస్ కోన్ మీద నలుపు తిరిగిన గిన్నె ఉంటే రుట్‌స్ట్రోమియా బుల్గారియోయిడెస్‌ని అనుమానించడానికి. అనుమానమే సుమా, తీర్పు కాదు! ఇక తెల్లటి నూగుతో ఉండే లాక్నమ్ విర్జీనియంకి కోన్ అయినా ఒకటే, ఎండు కాడ అయినా ఒకటే. అక్కడ చెట్టు సాక్ష్యం పనికిరాదు.

తీర్పుకి మైక్రోస్కోప్ కావాలట. తాజా గిన్నెని రేజర్ బ్లేడుతో నిలువునా సన్నగా కోసి, ముందు మామూలు నీటిలోనే చూడాలి. సత్వర మార్గం వాళ్లు మాత్రం నేరుగా పొటాషియం హైడ్రాక్సైడ్ పోస్తారు. కణాలు చస్తాయి, పారాఫైసిస్‌లలో (సిద్ధబీజాల, అంటే స్పోర్ల, సంచుల మధ్య ఉండే సన్నని పోగుల్లో) మెరిసే పదార్థం, గుర్తింపుకి ఆధారమైనదే, మాయమవుతుంది. పని మాత్రం చాలా శుభ్రంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత అయోడిన్. ఆస్కస్ (సిద్ధబీజాలుండే సంచి) కొన రంగు మారుతుందా అన్నది చూడాలి. దానికి వాడే లూగోల్ అనే అయోడిన్ ద్రావణానికి మూడు గ్రాముల పొటాషియం అయోడైడ్‌ని ముందు కొద్ది నీటిలో కరిగించి, అందులో ఒక గ్రాము అయోడిన్ కలిపి, వంద మిల్లీలీటర్లకి నీళ్లు నింపాలి. వరస తిప్పితే అయోడిన్ అడుగున కూర్చుని మొహం చూస్తుంది. అయోడిన్‌తోనే చేసే ఇంకో ద్రావణం, మెల్జర్, చాలదా అంటే, కొన్ని జాతుల్లో లూగోల్‌లో ఎర్రబడే కొన మెల్జర్‌లో ఏమీ ఎరగనట్టు ఉండిపోతుంది. మనం "రంగు లేదు" అని దర్జాగా రాసుకుని, గుర్తింపు పట్టికలో తప్పు శాఖలోకి నడుస్తాం. అదే కొనకి ముందు హైడ్రాక్సైడ్ తగిలించి లూగోల్ పోస్తే నీలమవుతుంది.

సిద్ధబీజాలని ఆస్కస్‌లో ఉండగానే కొలవడం కూడా మనకెంతో ఇష్టమైన కళ. పక్వం కానివాటిని కొలిస్తే ఏ జాతి అయినా రుజువు చేయొచ్చు. మూతపెట్టిన డబ్బాలో గిన్నెని రాత్రంతా స్లయిడు మీద బోర్లించి, రాలినవాటిని నూనె లెన్సుతో కనీసం ఇరవై కొలిచేంత ఓపిక ఎవరికుంది?

నమూనాని పొలుసుతో సహా ఆరబెట్టి, కాగితం పొట్లంలో తేదీ, చోటు, చెట్టు పేరు రాసి దాచమంటారు. తడిగానే ప్లాస్టిక్ సంచిలో కుక్కేయడం మేలు: కొద్ది రోజులకే గిన్నె మీద ఇంకో బూజు లేస్తుంది, దాని పేరు కూడా అడగొచ్చు.