రుజువు విరిగిన చోట

పేరుమోసిన గణితవేత్తలు వయసు మళ్లాక తమ పరిశోధన గురించి మాట్లాడితే సిద్ధాంతాలు వరుసగా వస్తాయి. వాటి మధ్య ఏమీ తోచక గడిచిన ఏళ్లు రెండు వాక్యాల్లో తేలిపోతాయి. వాళ్లను అనడానికి లేదు. భవనం పూర్తయ్యాక పరంజా కనబడకూడదన్నది గౌస్ పేరిట చెప్పుకునే మాట, గణిత పత్రికలన్నీ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తాయి. కానీ పరిశోధన ఎలా సాగుతుందో తెలియాలంటే రుజువు విరిగిన చోటికి వెళ్లి చూడాలి.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఆండ్రూ వైల్స్‌ది. సుమారు ఏడేళ్లు దాదాపు ఎవరికీ చెప్పకుండా పనిచేసి, 1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో ఫెర్మా చివరి సిద్ధాంతం (n రెండు కన్నా పెద్దదైతే xⁿ + yⁿ = zⁿకు ధన పూర్ణ సంఖ్యల్లో పరిష్కారం లేదన్నది) రుజువైందని ఆయన ప్రకటించారు. పరిశీలకుల్లో ఒకరైన నిక్ కాట్జ్ ఒక్కో వాక్యం పట్టుకుని ప్రశ్నలు పంపుతూ పోతే, వాటిలో ఒకదానికి మాత్రం జవాబు కుదరలేదు. సెల్మర్ గ్రూపు అనే బీజగణిత సమూహం పరిమాణానికి పై హద్దు కట్టడానికి వాడిన ఆయిలర్ సిస్టమ్ అనే పనిముట్టు అనుకున్నంత బలంగా లేదు. రిచర్డ్ టేలర్‌తో కలిసి నెలల తరబడి దాన్ని అతుకు వేయాలని చూశారు. 1994 సెప్టెంబరు 19న, వదిలేసే ముందు ఇది ఎందుకు పనిచేయడం లేదో కనీసం అర్థం చేసుకుందామని కూర్చున్నప్పుడు, ఆ కారణమే అంతకుముందు పక్కన పెట్టేసిన ఇవసావా పద్ధతి అనే మరో దారిని నిలబెడుతుందని వైల్స్‌కు తట్టింది. గణితంలో పెద్ద పురస్కారమైన ఫీల్డ్స్ పతకానికి ఉన్న నలభై ఏళ్ల వయోపరిమితి మాత్రం అప్పటికే దాటిపోయింది. 1998లో ఒక ప్రత్యేక వెండి ఫలకంతో సరిపెట్టారు.

ఇది సుఖాంతం కాబట్టి పదే పదే చెప్పుకుంటాం. ఆల్‌ఫ్రెడ్ కెంప్ కథలో నేర్చుకునేది ఇంకా ఎక్కువ. పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా ఏ పటానికైనా నాలుగు రంగులు చాలని 1879లో ఆయన ఇచ్చిన రుజువును పదకొండేళ్లు అందరూ నమ్మారు. 1890లో హీవుడ్ తప్పు చూపించారు. ఐదు ప్రాంతాలు చుట్టుముట్టిన ప్రాంతం దగ్గర కెంప్ రెండు గొలుసుల్లో (రెండే రంగులతో ఒకదానికొకటి ఆనుకుని సాగే ప్రాంతాల వరుసల్లో) రంగులు ఒకేసారి తారుమారు చేశారు. ఏ ఒక్క మార్పునైనా విడిగా చేస్తే ఇబ్బంది లేదు. కానీ మొదటిది చేశాక రెండోదానికి అవసరమైన పరిస్థితి చెదిరిపోవచ్చు. అయినా అదే గొలుసుల పద్ధతితో ఐదు రంగులు చాలని హీవుడ్ నిరూపించారు. 1976లో అపెల్, హేకెన్‌లు కంప్యూటర్ సాయంతో నాలుగు రంగుల సిద్ధాంతం తేల్చినప్పుడు కూడా మూలంలో ఉన్నది కెంప్ ఆలోచనే. రుజువు పోయింది గానీ పనిముట్టు మిగిలింది.

కెంప్ పొరపాటు దాక్కున్న చోటు గమనించండి: విడివిడిగా సరైన రెండు అడుగులు కలిపినా సరైనవే అనుకోవడం. తప్పులు ఎక్కువగా కఠినమైన లెక్కల్లో ఉండవు. "ఇదే విధంగా", "స్పష్టమే" అన్న మాటల వెనక ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రుజువు పూర్తయ్యాక దాన్ని పడగొట్టడానికి కూర్చుంటారు. ఒక షరతు తీసేసి, రుజువు ఎక్కడ ఆగుతుందో చూస్తారు. ఎక్కడా ఆగకపోతే సిద్ధాంతం అనుకున్నదానికన్నా బలమైనదై ఉండాలి, లేదా రుజువు తప్పయి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది. అదే వాదనను అబద్ధమని తెలిసిన వాక్యం మీద నడిపిస్తారు. అక్కడా "రుజువైతే" పని మళ్లీ మొదలు.

చిన్న సంఖ్యలతో సరిచూడటం తప్పనిసరి, కానీ అది భరోసా ఇవ్వదు. ఆయిలర్ సూత్రం n² + n + 41లో n విలువ 0 నుంచి 39 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెడితే 1681, అంటే 41 × 41. ఇది పిల్లలకు చూపించే ఉదాహరణ. పోల్యా 1919లో చేసిన ఊహ ఇంకా మోసకారి: 1 కన్నా పెద్దదైన ఏ సంఖ్య వరకు చూసినా, ప్రధాన కారణాంకాల లెక్క బేసిగా ఉన్న సంఖ్యలు సగానికి తగ్గవన్నది. దాన్ని కాదనే మొట్టమొదటి సంఖ్య 90,61,50,257. చేత్తో లెక్కలు వేసుకుంటూ పోతే జీవితాంతం అది నిజమనే అనిపిస్తుంది.

గణితం కుర్రాళ్ల ఆట అన్న మాట తరచూ వినిపిస్తుంది. 1978లో ζ(3) (1 + 1/2³ + 1/3³ + … అనే మొత్తం) కరణీయ సంఖ్య అని, అంటే భిన్నంగా రాయలేనిదని నిరూపించినప్పుడు అపేరీకి 61 ఏళ్లు. ఏడు కోట్లకు మించని తేడాతో అనంతంగా ప్రధాన సంఖ్యల జతలు ఉన్నాయని 2013లో చూపించిన ఝాంగ్ యితాంగ్‌దీ యాభై దాటిన వయసే. తర్వాత మేనార్డ్ కొత్త పద్ధతితో, ఉమ్మడి కృషితో ఆ హద్దు 246కి దిగింది. అనుభవం తగ్గించేది వేగాన్ని కావచ్చు, ఏ దారి మూసుకుపోయిందో పసిగట్టే నేర్పును మాత్రం కాదు.

ఆ నేర్పు కూడా మోసపోతుంది. గణితవేత్త వోయెవోద్‌స్కీ, కప్రనోవ్‌తో కలిసి రాసిన పేపర్‌కు 1998లో కార్లోస్ సింప్సన్ ప్రత్యుదాహరణ (ఫలితం తప్పని చూపే ఉదాహరణ) ఇస్తే, ఆ ప్రత్యుదాహరణ సరైనదేనని వోయెవోద్‌స్కీకి పూర్తిగా నమ్మకం కుదిరింది 2013లో. మధ్యలో ఆయనకు ఫీల్డ్స్ పతకం కూడా వచ్చింది. రుజువులను కంప్యూటర్‌తో తనిఖీ చేయించాలన్న ఆయన పట్టుదలకు ఇలాంటి అనుభవాలే కారణం. ఒకే పరిమాణపు గోళాలను అతి దట్టంగా పేర్చే పద్ధతి ఏదో చెప్పే కెప్లర్ ఊహకు థామస్ హేల్స్ ఇచ్చిన రుజువు విషయంలో పరిశీలకులు 99 శాతం నమ్మకం దగ్గరే ఆగిపోయారు. మిగతా ఒక్క శాతం కోసం నడిపిన యంత్ర తనిఖీ 2014లో ముగిసింది. ఆ యంత్రం ఒక్కో తర్కపు అడుగునూ చూస్తుంది. మొదట టైపు చేసిన నిర్వచనం మనం అనుకున్నదేనా అన్నది మాత్రం ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే.