రాజు పక్కనున్నా రాజరికం కనిపిస్తుంది
బరోక్ కాలపు (17వ శతాబ్దపు యూరప్ కళాశైలి) బైబిల్ చిత్రాల్లో రాజును నడిమధ్యన, ఎత్తైన సింహాసనం మీద చూపిస్తేనే అధికారం తెలుస్తుందన్న మాట నాకు సరిగా అనిపించలేదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1641 ప్రాంతంలో రాగిరేకు మీద గీసి కాగితంపై అచ్చువేసిన ‘మొర్దెకై విజయం’ చూడండి. బైబిల్లోని ఎస్తేరు కథ ఇది. అహష్వేరోషు రాజు, ఎస్తేరు రాణి కుడిపక్కన పైనుంచి చూస్తుంటారంతే. మధ్యలో గుర్రమెక్కి వస్తున్నది ఎస్తేరు బంధువు మొర్దెకై, ఒంటి మీద రాజు ఇప్పించిన వస్త్రాలు. చుట్టూ జనం వంగి మొక్కుతున్నారు. ముందు నడుస్తూ, రెండు చేతులూ చాచి చాటింపు వేస్తున్నదెవరో తెలుసా? మొర్దెకైని ఉరి తీయించాలని కొయ్య నాటించిన మంత్రి హామానే! రాజే అతన్ని అలా చాటమన్నాడు. సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. కానీ ఇష్టం లేకపోయినా చాచక తప్పని ఆ చేతులు చూశాకే రాజాజ్ఞ బరువు నాకు నిజంగా అర్థమైంది.