పులుసు పక్కన పుల్లటి వైన్

అమెరికాలో మన గోదావరి జిల్లాల వాళ్లు కలిస్తే టేబుల్ మీద రొయ్యల వేపుడు, చేపల పులుసు, పక్కన ఖరీదైన స్కాచ్. ఎవరైనా వైన్ తెచ్చినా అది ఓక్ పీపాల్లో నానిన ఎర్ర వైనే. రెండూ మన కూరలకి నప్పవని నా గట్టి అభిప్రాయం. చింతపండు ముందు పులుపు తక్కువ వైన్ చప్పబడిపోతుంది. కారానికి ఆల్కహాల్ తోడైతే నోరు ఇంకా మండుతుంది. పులుసుకి కావలసింది పుల్లగా, చల్లగా, 12 శాతానికి అటూ ఇటూగా ఉండే తెల్ల వైన్. అదృష్టం కొద్దీ అలాంటివి చవక.

నా ఓటు మస్కదేకి. ఫ్రాన్స్‌లో ల్వార్ నది అట్లాంటిక్‌లో కలిసే వైపు, నాంత్ చుట్టుపక్కల పండే మెలోన్ ద బుర్గోన్ ద్రాక్షతో చేస్తారు. 1709లో చలికి అక్కడి తోటలు పోయాక, చలిని ఓర్చుకునే ఈ రకం నిలదొక్కుకుంది. వాళ్లదీ సముద్రం దగ్గరి తిండే, ఆయిస్టర్లతో తాగుతారు. సీసా మీద 'సుర్ లీ' అని ఉందేమో చూడండి. అంటే అడుగున దిగిన ఈస్ట్ మడ్డిని తీసేయకుండా, చలికాలమంతా వైన్‌ని దాని మీదే ఉంచి, మార్చి వచ్చాక సీసాల్లో నింపారన్నమాట. ఆ మడ్డి వల్లే ఇంత తేలికపాటి వైన్‌కి కాస్త నిండుదనం వస్తుంది. 15 డాలర్ల చుట్టుపక్కల మంచిదే దొరుకుతుంది.

కొందరు రైతులు బయటి ఈస్ట్ కలపకుండా, ద్రాక్షతో వచ్చిన ఈస్ట్‌తోనే పులియబెట్టి, వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లు బాగా తగ్గిస్తారు. అదే నేచురల్ వైన్. రుచి నచ్చితే కొంటాను, ఆ పేరు చెప్పి రెట్టింపు ధర అడిగితే మాత్రం ఇవ్వను. ఎవరూ ఈస్ట్ వేయకుండా పులిసే సంగతి కోనసీమ వాళ్లకి కొత్తా? తాటి కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, ఇంకా ఉంచితే పుల్లబడుతుంది. గీసేవాడి నేర్పంతా కుండ శుభ్రంలో, వేళకి దించడంలో ఉంది. అదే కుండకి సున్నం పూస్తే పులియడం ఆగి నీరా దిగుతుంది. వైన్‌లో సల్ఫైట్ కూడా సూక్ష్మజీవుల్ని అదుపులో పెట్టేదే, దానికంత భయం అక్కర్లేదు. నేచురల్ వైన్ సీసాలకి ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన 'వాన్ మెతోద్ నాతూర్' గుర్తు కూడా సల్ఫైట్‌ని లీటరుకి 30 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఇక నేచురల్ వైన్ తాగితే తలనొప్పి రాదనేది అమ్మేవాళ్ల మాట.

పోయిన కనుమకి రాజోలులో మా బాబాయికి ఇలాంటి పుల్లటి వైన్ ఒక గ్లాసు పోశాను. "ఇందులో కిక్కేదిరా? పులిసిన కొబ్బరినీళ్లలా ఉంది" అన్నాడు. పీతల ఇగురు వడ్డించాక గ్లాసు మళ్లీ ముందుకి జరిపాడు, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఊళ్లో ఉన్నవాళ్లకి మనం మోసుకెళ్లక్కర్లేదు కూడా. గోదావరి పుట్టే నాసిక్ వైపు సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్షలు పండుతున్నాయి. ఎక్కువ భాగం నేచురల్ కాని మామూలు వైనరీల సరుకే అయినా పులుపు సరిపోతుంది. విచిత్రమేంటంటే, 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉన్న యానాంకి మందు చవకని వెళ్లే మనవాళ్లు తెచ్చుకునేది బ్రాందీ!

సంక్రాంతి విందు కమిటీ వాళ్లకి నా మనవి. ఈసారి పులుసు గిన్నె పక్కన స్కాచ్‌తోపాటు ఇవీ నాలుగు సీసాలు పెట్టండి. వడ్డించడానికి పది నిమిషాల ముందు ఫ్రిజ్ లోంచి తీయండి, మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు. ఫిల్టర్ చేయని సీసాలో అడుగున మడ్డి కనిపిస్తే పాడైందని పారబోయకండి, కదపకుండా పోయండి.