కంటి చుక్కలకూ గడువుండాలి

కంట్లో నలుసు పడి, నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియా గీసుకుపోతుంది. నీరు కారుతుంది, రెప్ప తెరవలేము. ఎప్పుడో కలక వచ్చినప్పుడు తెచ్చిన యాంటీబయాటిక్ చుక్కల సీసా చేతికందుతుంది. మూడోనాటికి కన్ను తేటపడితే పేరు మందుకు దక్కుతుంది. అలాంటి చిన్న గీతను కార్నియా సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తానే మాన్చుకుంటుంది. ఆ సంగతి తెలియనివారు, ఎప్పుడైనా గాయం మానడం ఆలస్యమైతే చుక్కలు పెంచుతారు. మా ఆందోళన అక్కడే.

కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దాని పైపొర అయిదారు వరుసల కణాలే, సుమారు 50 మైక్రాన్లు. గాయమైతే చుట్టూ ఉన్న కణాలు జరిగి ఖాళీని కప్పుతాయి, ఆపైన విభజన చెంది వరుసలు కడతాయి. తెల్లగుడ్డు సరిహద్దులోని మూలకణాలు కొత్తవాటిని అందిస్తాయి. ఈ పనిలో యాంటీబయాటిక్‌కు భాగం లేదు. పని పూర్తయ్యేదాకా బాక్టీరియాను రానివ్వకుండా కాపలా కాస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవారి కంటికి గాయమైతే ఆ కాపలా తప్పనిసరి. సూడోమోనాస్ అనే బాక్టీరియా చొరబడితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు.

అయితే కంచే చేను మేసే సందర్భాలూ ఉన్నాయి. జెంటామైసిన్, టోబ్రామైసిన్ వంటి యాంటీబయాటిక్ చుక్కలు గాఢంగా, రోజుల తరబడి వేస్తే కొత్తగా పుట్టే కణాలే దెబ్బతింటాయి. ఫ్లోరోక్వినోలోన్లు అనే మరో రకం యాంటీబయాటిక్‌లు ఈ విషయంలో కొంత నయం. వాటిలో సిప్రోఫ్లోక్సాసిన్‌ది మాత్రం వింత స్వభావం. సీసాలో ఆమ్ల ద్రావణంగా ఉండే ఈ మందు కన్నీటితో కలవగానే కరిగే గుణం తగ్గి, కొందరిలో గాయం మీదే తెల్లటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. అద్దంలో అది చూసుకుని పుండు ముదిరిందని హడలిపోతారు. చాలామందిలో ఆ తెలుపు క్రమంగా దానంతటదే పోతుంది.

ఇక చాలా సీసాల్లో మందు చెడకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ సంగతి. అది సబ్బులా పనిచేసే రసాయనం. క్రిములతోపాటు కన్నీటి పైనుండే నూనె పొరనూ చెదరగొడుతుంది, తరచుగా తగిలితే కార్నియా కణాలనూ కరుస్తుంది. అలాగని తీసేస్తే సరిపోతుందా? 2023లో అమెరికాలో ఆ రసాయనం లేని కృత్రిమ కన్నీటి చుక్కల్లో మొండి సూడోమోనాస్ చేరి పలువురి చూపు పోయింది, ప్రాణాలూ పోయాయి. రసాయనం వద్దనుకుంటే తయారీలో, సీసా నిర్మాణంలో అంతకు రెట్టింపు జాగ్రత్త ఉండాలి.

కలకల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల హెర్పిస్ వైరస్ లేదా ఫంగస్ పుండు ఉంటే అది చాటుగా పెరిగిపోతుంది. వీటిని వైద్యుల చీటీ లేకుండా అమ్మడాన్ని ఏ ప్రభుత్వమూ ఉపేక్షించరాదు.

తీవ్రమైన బాక్టీరియా పుండుకు తొలి రెండు రోజులు రాత్రీపగలూ గంటగంటకూ చుక్కలు వేయాల్సిందే. అక్కడ మందు విషగుణం గురించి బేరాలాడే వ్యవధి లేదు. క్రిమి అదుపులోకి వచ్చాక మాత్రం చుక్కలు తగ్గించాలి. పుండు శుభ్రపడినా పైపొర మూసుకోకుండా, కన్ను ఎర్రగానే ఉంటే మందే అడ్డుపడుతోందేమో వైద్యులు అనుమానించాలి. రోగి అంతట తానుగా ఆపేయడం మాత్రం తప్పు.

చీటీ మీద రోజుకు ఎన్నిసార్లో రాస్తారు, ఎన్నాళ్లో చాలాసార్లు రాయరు. రెండోదీ రాయాలని, నిల్వ రసాయనం పేరు సీసా మీద కళ్లకు ఆనేంత అక్షరాల్లో ఉండాలని కోరుతున్నాం. ప్రస్తుతం ఆ అక్షరాలు చదవడానికి ఆరోగ్యమైన కళ్లే చాలడం లేదు.