పన్నెండొందల డబ్బా

మా ఇంటికి కొత్త రౌటర్ వచ్చింది. అట్టపెట్టె మీద అరచేయంత అక్షరాల్లో 1200, అంటే సెకనుకు అన్ని మెగాబిట్ల వేగమని. ఎక్కడిదీ అంకె అని వెనక్కి తిప్పితే, చీమల అక్షరాల్లో ఉంది: ఒక బ్యాండుకి (వైఫై సిగ్నల్ నడిచే దారికి) 300, రెండోదానికి 867. కూడితే 1167. మిగతా 33 కంపెనీవారి కొసరు. అంతా బాగుంది కానీ, బయటి తీగ వచ్చి తగులుకునే పోర్టు మాత్రం 100. పన్నెండొందల మంది పట్టే కల్యాణ మండపానికి పిల్లి దూరే గుమ్మం!

పోనీ, గిగాబిట్ పోర్టు, అంటే 1000ది, ఉన్నదే కొన్నారనుకుందాం. అప్పుడు నాట్ (NAT) అనే చిరునామాల మార్పిడి అడ్డొస్తుంది. ఇంట్లో ఫోన్లూ టీవీలూ ఎన్నున్నా బయటికి ఒకటే చిరునామా కనబడేలా, వెళ్లే ప్రతి ప్యాకెట్‌కీ (డేటా మూటకీ) వచ్చే ప్రతి ప్యాకెట్‌కీ రౌటర్ చిరునామా దిద్దాలి. చిరునామాలు చాలవన్న భయంతో 1994లో దీన్ని తాత్కాలిక ఏర్పాటుగా ప్రతిపాదించారు. తాత్కాలికం అన్నారు గనక ఇంకా ఉంది, మన తాత్కాలిక బస్టాండుల్లాగే.

ఈ దిద్దుడులో రౌటర్ ఎంత గట్టిదో తేల్చే పద్ధతి చూడండి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి అదే పరీక్ష పెడదాం. గేటు ముందుకి పెళ్లి బస్సు వచ్చింది. లోపల యాభై మంది. పుస్తకంలో ఒక గీత, ఒక సెల్యూట్. గంటలో నూరు బస్సులు. ఐదు వేల మందిని దాటించాడు, శభాష్! అచ్చేయండి డబ్బా మీద.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి రండి. కొరియర్, ఇస్త్రీ మనిషి, ట్యూషన్ పిల్లలు, పాలబ్బాయి. ఒక్కొక్కరికీ ఒక్కో గీత. పెన్ను రాయదు. విదిలిస్తాడు. "రోజూ వచ్చేవాణ్ణే కదా అన్నా!" "నేనూ రోజూ రాసేవాణ్ణే, చెప్పు, ఏ ఫ్లాటు?" వెనకాల హారన్లు. ఐదు వేలు కాదు, యాభై మంది దాటేసరికి టీ వేళ దాటిపోయింది.

గిగాబిట్ తీగ నిండడానికి 1518 బైట్ల బస్సుల్లాంటి ప్యాకెట్లైతే సెకనుకు 81 వేల చిల్లర చాలు. 64 బైట్ల పాదచారులైతే 14 లక్షల 88 వేలు కావాలి. రౌటర్‌కి ఆయాసం వచ్చేది బైట్ల బరువుకి కాదు, తలల లెక్కకి. అయినా పరీక్ష బస్సులతోనే! పైగా కొన్ని రౌటర్లలో ఈ దిద్దుడు పని చేసిపెట్టే ప్రత్యేక చిప్ ఉంటుంది. పిల్లల కోసం పేరెంటల్ కంట్రోల్ పెడితే చాలు, చాలావాటిలో ఆ దొడ్డిదారి మూసుకుపోయి భారమంతా పాపం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఈ ముక్క డబ్బా మీద ఉండదు.

మా కింది వాటాలో ఒక టైలర్. కూతురికి ఆన్‌లైన్ క్లాసులో మేష్టారి గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తోందని ఫోన్ చేస్తే, "ప్లాన్ పెంచుకోండి సార్" అన్నాడు అవతలి నెట్ కంపెనీవాడు. పెంచాడు. 100 నుంచి 300కి. ఆయనదీ ఇదే రౌటర్. ఆ 100 పోర్టులో 300 ఎట్లా దూరుతుందయ్యా? తెలిసే అమ్మావు కదా! నెలనెలా ఆ మనిషి మిషన్ తొక్కి కడుతున్న డబ్బు దేనికి తీసుకుంటున్నావు?

పిల్లకి మేష్టారు ఇంకా ముక్కల్లోనే వినిపిస్తున్నాడు. అట్టపెట్టె వారంటీ కోసమని బీరువా మీద దాచారు, 1200 ఇవతలికి కనబడేలా.